నూకాలు మూట

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: వసారాలో మేనా బొంగుకి ఆముదం పట్టిస్తున్న పెదబాబు, అతని తమ్ముడు పల్లంరాజు, పొయ్యి దగ్గర పెదబాబు భార్య మరిడమ్మ, నులకమంచం మీద మామ్మ పెద్దింట్లమ్మ, తలుపు వెనక కూతురు లోవలక్ష్మి. ఇంటివాళ్లు కాక కాకినాడ సత్తియ్య మేస్త్రీ ఒకడు. అతను తలగుడ్డ విప్పి మోకాలి మీద పెట్టుకుని, మజ్జిగ తాగుతూ, సముద్రం దాటి రంగం వెళ్లే ఓడ సంగతి చెబుతున్నాడు.

లోవలక్ష్మికి పద్నాలుగేళ్లు. కొత్త మనిషి గొంతు వినిపిస్తే ఆమె కాళ్లు వాటంతటవే తలుపు వెనక్కి వెళతాయి. తలుపు సందులోంచి తండ్రి చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. బొంగు ఎప్పుడో పీల్చుకోగలిగినంత నూనె పీల్చుకుంది. అయినా ఆ చేతులు రుద్దుతూనే ఉన్నాయి.

మామూలుగా వైశాఖం బోయీలకు చేతినిండా పని. మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, పడవలు బురదలో కూలబడతాయి, ఊరు కదలాలంటే బండి అయినా కావాలి, మేనా అయినా కావాలి. పెళ్లిళ్లూ అప్పుడే, కొత్త కోడళ్లు అత్తవారిళ్లకు వెళ్లడమూ అప్పుడే. ఈ ఏడు ఆ నెలలోనే శుక్రమూఢం వచ్చి పడింది. మూఢంలో పెళ్లి లేదు. కొత్తకోడలు గడప దాటదు. సామర్లకోటకు రైలు వచ్చిన దగ్గర్నుంచి దూరప్రయాణాల సవారీలు సగం పోయాయి, మిగిలిన సగం మూఢం మింగేసింది. ఎనిమిది మంది బోయీల జట్టు పొద్దున్నే వచ్చి వసారాలో కూర్చుని, మధ్యాహ్నం లేచి వెళ్లిపోతోంది. చూరు కింద పెట్టిన మేనాలో పిచ్చుకలు గడ్డి మోసుకొచ్చి పెడుతున్నాయి.

సత్తియ్య ఒత్తిడి చేసే రకం కాదు. రంగంలో వడ్లమిల్లుల్లో మూటలు మోసే పని అని, మోసే భుజం ఉన్నవాడికి అక్కడ లోటు లేదని చెప్పాడు. మళ్లీ శుక్రవారం వస్తానని, అప్పటికి జట్టు జట్టంతా వస్తే కూలీలు పడుకునే ఒకే బారకాసులో ఉంచేలా తాను చూస్తానని అన్నాడు.

“మేనా ముందు అరిచినట్టు మా అన్న రాయి, గుంట అని అరిస్తే ఓడ కూడా పక్కకి తిరుగుతాదండి మేస్త్రీగారూ,” అన్నాడు పల్లంరాజు. “ఓడ నడిపే సరంగుకి పని తప్పుతాది.”

సత్తియ్య నవ్వాడు. పెదబాబు నవ్వలేదు. శుక్రవారం నాటికి పని ఏదీ దొరక్కపోతే వస్తామని మాత్రం అన్నాడు. ఆ మాటకి పొయ్యి దగ్గర మరిడమ్మ చేతిలో తెడ్డు ఆగిపోవడం లోవలక్ష్మి చూసింది.

పక్కింటి సుబ్బాయమ్మ మొగుడు అలాగే ఓడెక్కాడు. మొదట్లో ఎవరో ఒకరి చేత కబురు వచ్చేది, తర్వాత అదీ లేదు. సుబ్బాయమ్మ పెద్ద బొట్టు పెట్టుకోవాలో, మానెయ్యాలో తెలియక ఆవగింజంత చుక్క పెట్టుకుని తిరుగుతోంది. లోవలక్ష్మి ఆ రాత్రి అన్నం తింటూ తల్లి నుదుటి వంకే చూసింది.

మర్నాడు తల్లితో ఎండురొయ్యల తట్ట పట్టుకుని ఊళ్లోకి వెళ్లింది. మరిడమ్మ కేకవేస్తుంది, లోవలక్ష్మి కొలిచి పోస్తుంది. కాపుల వీధిలో ఒక అరుగు మీద పీట వేసి, పీట మీద ఒక మూట పెట్టి ఉంది. మూట అంచులకి పసుపు రాసి, పైన కొబ్బరికాయ పెట్టారు. లోవలక్ష్మి అక్కడే ఆగిపోయింది.

ఆ మూట ఏమిటో ఆమెకు తెలుసు. వీధిబడి పంతులుగారి భార్య పుట్టింటికి వెళ్లే ముందు అలాంటిదే ఒకటి పక్కింట్లో పెట్టించింది. మంచిరోజున కదలడానికి కుదరనివాళ్లు ఆ రోజున తమ బట్టల మూట ఒకటి వేరే ఇంటికి పంపేస్తారు. దాంతో మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తరువాత కొద్ది రోజుల్లోగా, చెడ్డ రోజుల్లోనైనా సరే, ప్రయాణం సాగించవచ్చు. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు.

అంటే మూఢం రాకముందే ప్రస్థానం పెట్టుకున్నవాళ్లు ఊళ్లో ఉన్నారు. వాళ్లకి మూఢం అడ్డం కాదు. కాలువలో నీళ్లు లేవు. వాళ్లని మోసేవాళ్లు కావాలి.

ఈ సంగతి ఆమె మనసులో చకచకా తిరిగింది కాని నోటికి రాలేదు. మూట ఎవరిదని ఆ ఇంటి ఆవిడని అడుగుదామని గుమ్మం దాకా వెళ్లింది. ఆవిడ తలెత్తి చూసింది. రొయ్యలు కావాలా అని కూడా అడగలేక వెనక్కి వచ్చేసింది. వీధి చివరికి వచ్చాక తల్లితో చెప్పింది. మరిడమ్మ తట్ట దించి, తలమీది చుట్టగుడ్డ తీసి మొహం తుడుచుకుని, కూతురి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

“ఇంత తెలిసినదానివి ఆవిణ్ణే అడగలేకపోయావా?”

“నువ్వడుగు అమ్మా.”

మరిడమ్మ అడిగింది. ఆ మూట వాళ్ల బావగారిదట, రెండెడ్ల బండి ఎప్పుడో మాట్లాడేసుకున్నారట. మేనా ఎక్కడానికి మా బావేమైనా పెళ్లికూతురా అని ఆవిడ పకపక నవ్వింది. నవ్వుతూనే రొయ్యలు కొసరు వేయించుకుంది.

ఆ రోజూ మర్నాడూ ఇద్దరూ వీధులన్నీ తిరిగారు. రొయ్యలు అమ్మడం పేరుకే. లోవలక్ష్మి అరుగులు వెతికేది, మరిడమ్మ మాటలు కలిపేది. ఒక ఇంట్లో మూట దొరికింది కాని దాని గడువు అప్పుడే దాటిపోయింది. ప్రయాణం మానుకున్నారు. మూట తిరిగి తెచ్చుకోవడం మరిచిపోయారు. దానిమీద పిల్లి పడుకుని ఉంది. ఇంకో ఇంట్లో ముసలాయనకి ప్రస్థానం పెట్టారు గాని, ఆయన మేనాలో పడుకుని వెళ్లడం అంటే శవంలా వెళ్లడమే అని పట్టుబట్టి నడిచి వెళ్లిపోయాడు. సాయంత్రం ఇంటికి వచ్చి ఇవి చెబితే జట్టువాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. పల్లంరాజు ఇకనుంచి తన చిరిగిన పంచె కూడా ఎవరింట్లోనో ప్రస్థానం పెట్టి వస్తానన్నాడు, అది ముందు రంగం వెళితే తరువాత తాను వెళతాడట. పెదబాబు మాత్రం కూతుర్ని పిలిచి ఇంకా ఏ వీధులు మిగిలాయో అడిగాడు. ఊళ్లో ఏమీ మిగలలేదని, ఏటిగట్టు అవతల దొరగారి లోగిలి ఒకటే ఉందని ఆమె చెప్పింది.

లోగిలికి గురువారం వెళ్లారు. అది చిన్న జమీందారు ఇల్లు. ఆడవాళ్లకు ఘోషా. చేపలు, రొయ్యలు దొడ్డివాకిలి దగ్గర దాసీలు కొంటారు. దొడ్డి పక్కనే పాలేరు కాపురముండే తాటాకిల్లు ఉంది. దాని వసారాలో పీట మీద ఒకటి కాదు, రెండు మూటలు పెట్టి ఉన్నాయి. ఒకటి పట్టుగుడ్డలో కట్టిన చిన్న మూట. రెండోది ముతకగుడ్డలో కట్టింది, దానికి రెండింతలుంది.

మరిడమ్మ దాసీలతో రొయ్యల బేరంలో ఉంది. లోగిలి గుమాస్తా సూర్యనారాయణమూర్తిగారు కండువా భుజం మీద వేసుకుని అటుగా వచ్చి, మూటల వంక చూసి, చికాగ్గా ఏదో గొణుక్కుని వెళ్లిపోబోతున్నాడు. ఆయన వెళ్లిపోతే మళ్లీ రాడని లోవలక్ష్మికి అనిపించింది. రేపే శుక్రవారం. తల్లి వీపు ఇటు ఉంది.

“అయ్యా, బోయీలున్నారండి,” అంది.

తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. గుమాస్తాగారు ఆగి ఎవరన్నట్టు చూశాడు.

“మా నాయిన జట్టండి. ఎనిమిది మందండి. మేనా కూడా మాదేనండి.”

“బోయీలు కావాలని నీతో ఎవరు చెప్పారు?”

ఆమె మూటలు చూపించింది. ఆయన మూటల వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. తరువాత, ఆమె ఎదురుచూడని ప్రశ్న వేశాడు. చదువుకున్నావా అని అడిగాడు. చదవడం, రాయడం, ఎక్కాలు వచ్చని చెప్పింది. పేరు, వయసు అడిగాడు. పెళ్లయిందా అని అడిగాడు. లేదంది. మీ నాన్నని తీసుకురా అని లోపలికి వెళ్లిపోయాడు.

పెదబాబు తలపాగా చుట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు. గుమాస్తాగారు చెప్పిన సంగతి ఇది. చిన్నమ్మాయిగారి అత్తవారిది పెద్దాపురం దాటాక మెట్ట ఊరు. వారింట్లో పెద్దాయన మంచం పట్టి, పోయేలోగా మనుమడి భార్యని చూడాలంటున్నాడు. మూఢం రాకముందే ప్రస్థానం పెట్టారు. తీరా చూస్తే లోగిలి బోయీలు మొన్నటి ఓడలో రంగం వెళ్లిపోయారు. అది ఒకటి. చిన్నమ్మాయిగారితో నూకాలు అనే దాసీపిల్ల వెళ్లాలని దాని మూట కూడా పెట్టారు. ఆ పిల్ల నాలుగు రోజుల కిందట ఎటో పారిపోయింది. రెండు మూటలు గడప దాటాక ఒక్క మనిషి కదలడం మంచిది కాదని పురోహితుడు అడ్డు చెప్పాడు. మూఢంలో ఇంకో మూట పెట్టడానికి లేదు. కాబట్టి నూకాలు మూట తీసుకుని నూకాలుగా వెళ్లడానికి ఒక పిల్ల కావాలి. రేపు వేకువన కదలాలి, ఎల్లుండితో గడువు సరి.

“దిగబెట్టి వచ్చెయ్యడానికి నాలుగు రోజులే కదండి?” అని మరిడమ్మ అడిగింది.

గుమాస్తాగారు పెదబాబుని పక్కకి రమ్మని పశువుల కొట్టం వెనక్కి తీసుకువెళ్లాడు. వాళ్లు అక్కడ చాలాసేపు నిలబడ్డారు. కొట్టం గోడ మీదుగా తండ్రి తలపాగా మాత్రం లోవలక్ష్మికి కనిపిస్తోంది. అది కాసేపు కదల్లేదు. తరువాత ఒకసారి కిందికీ పైకీ ఊగింది.

తిరిగి వచ్చాక పెదబాబు భార్యతో అన్నాడు. అత్తవారికి సొంత బోయీలు లేరట. ఆ ఇంటి దొరగారు ఊళ్లు తిరిగే మనిషట. ఏడాది పొడవునా సవారీ గుత్త మన జట్టుకే ఇస్తారట. రంగం మాట ఇక లేదు. పిల్ల సంగతేంటని మరిడమ్మ అడిగితే, నాలుగు రోజులు అన్నాడు. అంటూ వంగి, ఖాళీ తట్ట తానే తల మీద పెట్టుకున్నాడు. మగవాడు తట్ట మోయడం ఏమిటని మరిడమ్మ నవ్వుతూ లాక్కోబోయింది. ఆయన ఇవ్వలేదు. గట్టు పొడుగునా అలాగే ముందు నడిచాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పండగలా ఉంది. జట్టువాళ్లు మేనా కిందికి దించి, పిచ్చుకల గడ్డి తీసి, తలుపులు జారేలా కొవ్వు రాశారు. మామ్మ మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వింది. మేస్త్రీ వస్తే ఇంట్లో ఎవరూ లేరని చెప్పమని పల్లంరాజు అప్పగింతలు పెట్టాడు. లోవలక్ష్మికి మాత్రం తాను పెద్దమనిషితో మాట్లాడానన్నదే పదే పదే గుర్తుకొచ్చింది. ఆ మాటలు లోలోపల మళ్లీ అనుకుని చూసుకుంది. బోయీలున్నారండి. మేనా కూడా మాదేనండి.

వేకువన లోగిలి ముందు మేనా పెట్టి బోయీలు వీపు తిప్పి నిలబడ్డారు. ఘోషా ఆడవాళ్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బోయీ తిరిగి చూడకూడదు. చూసినవాడికి మళ్లీ ఆ ఇంట పని ఉండదు. దాసీలు తెర పట్టారు. తెర కింద నుంచి పారాణి పెట్టిన చిన్న పాదాలు రెండు కనిపించి మేనాలో మాయమయ్యాయి. వాటి వయసు పన్నెండుకి మించదు. లోపలి నుంచి వెక్కిళ్లు వినిపించాయి.

నూకాలు మూట లోవలక్ష్మి చంకలో పెట్టారు. ఎత్తగానే నడుం ఒక పక్కకి వంగింది. ఊరి పొలిమేర దాటేదాకా దాన్ని విప్పకూడదని చెప్పారు. దారి పొడుగునా నూకాలు అని పిలిస్తేనే పలకాలని కూడా చెప్పారు. చెప్పింది అచ్చాయమ్మ అని అత్తవారు పంపిన దాసీ. అరవై ఏళ్ల మనిషి, చేతిలో వెదురుకర్ర, మాట తక్కువ.

పెదబాబు ముందు బొంగు కిందికి భుజం పెట్టాడు. ముందు నడిచేవాడే జట్టుకి కళ్లు. వెనకవాళ్లకి మేనా తప్ప ఏమీ కనిపించదు. ఆయన రాయి అంటే ఎనిమిది జతల కాళ్లు ఎడంగా పడతాయి, గుంట అంటే పొట్టి అడుగులు పడతాయి, జారు అంటే వేళ్లు నేలని పట్టుకుంటాయి. ఎండిన కాలువ గట్టు మీద మేనా తొణక్కుండా సాగింది. కాలువ అడుగున బురద పగుళ్లు విచ్చింది, అందులో ఒరిగిన పడవల కింద పిల్లలు నీడకి ఆడుకుంటున్నారు. లోవలక్ష్మి మేనా పక్కనే చెంబుతో నడిచింది. అప్పుడప్పుడు మేనా తలుపు జానెడు జరిగి గాజుల చెయ్యి ఒకటి బయటికి వచ్చేది. చెంబు అందించేది. చెయ్యి చెంబుతో పాటు ఆమె వేళ్లు కూడా పట్టుకుని కాసేపు వదిలేది కాదు.

“నూకాలూ, ఇంకా ఎంత దూరం?” అని లోపలి నుంచి అడిగేది.

ఒక చోట వాగు దాటాలి. అందులో మోకాలి లోతు నీళ్లున్నాయి. దాటుతుంటే లోవలక్ష్మి కాలు జారి నడుం దాకా తడిసింది. మూట మాత్రం తల మీదికి ఎత్తి పట్టుకుంది. అవతల మామిడితోటలో మధ్యాహ్నం మజిలీ. బోయీలు మేనా నీడలో దించి, దూరంగా నూతి దగ్గరికి వెళ్లి చద్దిమూటలు విప్పారు. పొలిమేర ఎప్పుడో దాటాం, మూటలో పొడిబట్ట ఉంటుంది, కట్టుకోమని అచ్చాయమ్మ చెప్పింది.

ముడి గట్టిగా బిగిసి ఉంది. పళ్లతో లాగి విప్పింది. పైన నూలుచీరలు, అవి మూడు కాదు, నాలుగు కాదు, ఒక దొంతర. చెక్కదువ్వెన. కుంకుడుకాయల సంచి. పసుపుకొమ్ములు. అడుగున నల్లటి గొంగళి ఒకటి మడతపెట్టి ఉంది. కొత్తది, ఇంకా గొర్రె వాసన పోలేదు.

లోవలక్ష్మి గొంగళి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. తోటలో ఆకు కదలడం లేదు. ఆమె మెడ మీంచి చెమట కారి గొంగళి మీద పడుతోంది.

“నాలుగు రోజులకి గొంగళెందుకండి?” అని అడిగింది.

అచ్చాయమ్మ మామిడిచెట్టుకి చేరబడి వక్క కొరుకుతోంది. “నాకూ పెట్టారు, పెద్ద దొరసానితో వచ్చినప్పుడు,” అంది. “బాగా కప్పుకున్నాను. తరువాత దాన్ని ఎలకలు కొరికేశాయి.”

“మీదే ఊరండి?”

“చెప్పినా నీకు తెలీదులే. నాకే సరిగా జ్ఞాపకం లేదు.”

పెళ్లికూతురితో వచ్చిన పిల్ల పెళ్లికూతురితోనే ఉంటుందని, తిండికి బట్టకి లోటుండదని, పెళ్లి మాట మాత్రం ఎవరూ ఎత్తరని, ఆ తరువాత అచ్చాయమ్మ వక్క నములుతూ నెమ్మదిగా చెప్పింది. నూకాలుకి ఎవరో ఇవన్నీ ముందే చెప్పేశారట. అందుకే పోయిందట. ఈ మాటలు అంటున్నప్పుడు అచ్చాయమ్మ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. వంట ఎలా చెయ్యాలో చెబుతున్నట్టు చెప్పింది.

లోవలక్ష్మి పొడిచీర కట్టుకోలేదు. తడి పరికిణీతోనే లేచింది. నూతి వైపు నడిచింది. పెదబాబు ఒక్కడే నూతి చప్టా మీద కూర్చుని, భుజం మీది గుడ్డచుట్ట విప్పి నీళ్లలో తడిపి పిండుతున్నాడు. మిగతావాళ్లు చెట్ల కింద నడుం వాల్చారు. ఆయన కుడిభుజం మీద ఏళ్ల తరబడి బొంగు మోసిన చోట కొబ్బరికాయ చెక్కంత కాయ. దాని చుట్టూ చర్మం కొత్తగా ఎర్రబడింది. పని లేని రోజుల్లో కాయ మెత్తబడిపోయిందేమో.

పద్నాలుగేళ్లుగా తండ్రితో మాట్లాడటానికి ఆమెకి ఏనాడూ మాట వెతుక్కోవలసిన పని పడలేదు. ఇప్పుడు పడింది.

“నాయినా, మూటలో గొంగళి ఉంది.”

ఆయన గుడ్డ పిండటం ఆపలేదు. నీళ్లు అయిపోయాయి. అయినా మెలిపెడుతూనే ఉన్నాడు.

“మెట్ట ఊళ్లలో చలి గట్టిగా ఉంటాదమ్మా,” అన్నాడు.

ఆమె నిలబడింది. ఆయన ఇంకా ఏదైనా అంటాడని చూసింది. ఆయన తడిగుడ్డ చుట్ట చుట్టి భుజం మీద పెట్టుకున్నాడు, సరిగా కూర్చోలేదు, తీసి మళ్లీ చుట్టాడు. తరువాత జట్టు వైపు తిరిగి లేవండ్రా అని కేక వేశాడు. ఆ కేక అవసరమైనదానికంటే గట్టిగా వచ్చింది. చెట్ల కింద పడుకున్నవాళ్లు ఉలిక్కిపడి లేచారు.

తోట దాటాక మెట్టదారి. ఎర్రమట్టి, గులకరాళ్లు. లోవలక్ష్మి చెంబు పట్టుకుని మేనా పక్కనే నడుస్తోంది. మూట ఇప్పుడు పొద్దుటికంటే బరువుగా ఉంది. తాను ఇక్కడ ఆగిపోతే ఏమవుతుందో అనుకుంది. మేనా ఆగుతుంది. మూట రెండోసారి మనిషి లేకుండా మిగులుతుంది. జట్టు వెనక్కి వెళుతుంది. సత్తియ్య మేస్త్రీ తలగుడ్డ మోకాలి మీద పెట్టుకుని మజ్జిగ తాగుతూ ఉంటాడు. వచ్చే శ్రావణానికి తల్లి నుదుట బొట్టు ఎంత ఉంటుంది? ఇంత అనుకున్నాక మళ్లీ మొదటికి వచ్చింది. తాను నోరు విప్పకుండా రొయ్యలు కొలిచి పోసి ఉంటే? గుమాస్తాగారు గొణుక్కుంటూ వెళ్లిపోయి ఉంటే? ఎవరి మీద కోపపడాలో తెలియక కాలికింద రాళ్లని తన్నుకుంటూ నడిచింది.

అప్పుడే మేనా ఒక పక్కకి ఒరిగింది. వెనక బొంగు కింద ఒకడు మోకాళ్ల మీద పడ్డాడు. లోపల చిన్నమ్మాయిగారు కెవ్వుమంది. దారికి అడ్డంగా గుమ్మడికాయంత రాయి ఉంది. ముందున్న నలుగురూ దాన్ని తప్పించి నడిచారు గాని, వెనకవాళ్లకి ఎవరూ చెప్పలేదు.

“ఏంటన్నా, నోరు పడిపోయిందా?” అని వెనక నుంచి పల్లంరాజు అరిచాడు. “కాళ్లు పోతే రంగం వాళ్లు కూడా రానివ్వరు మమ్మల్ని.”

పడినవాడు లేచి మోకాలు దులుపుకున్నాడు. మేనా మళ్లీ కదిలింది. అక్కణ్ణుంచి పెదబాబు ప్రతి దానికీ అరవసాగాడు. చిన్న గులకరాయికీ రాయి అన్నాడు, బండిజాడకీ గుంట అన్నాడు. ఏమీ లేని చోట కూడా రెండుసార్లు అన్నాడు. వెనకవాళ్లు విసుక్కుంటూ అడుగులు మార్చారు.

పొద్దు వాలకముందే ఊరు చేరారు. అత్తవారి లోగిలికి ఎత్తైన మట్టిగోడ, ఏనుగు పట్టేంత సింహద్వారం, దాని లోపల ఖాళీ స్థలం, ఆ తరువాత ఆడవాళ్ల వాకిలి. అక్కడిదాకానే బోయీలు రావాలి. వాకిలి తలుపులు పనసచెక్కవి, ఇనపబిళ్లలు కొట్టి ఉన్నాయి. ఒక రెక్క తెరిచి ఉంది. లోపల చీకటిగా, చల్లగా ఉంది. ఎవరో వసారాలో మంచం మీద దగ్గుతున్నారు. పెద్దాయన ఇంకా ఉన్నాడు.

మేనా దించారు. గుత్త సంగతి పొద్దున్నే దొరగారు మాట్లాడతారని, రాత్రికి గుర్రాల పాకలో పడుకోమని అక్కడి నౌకరు బోయీలకు చెప్పాడు. ఏడాది మాట ఖాయమేనా అని పల్లంరాజు అడిగితే, పిల్ల లోపలికి వెళ్లాక ఇంకేముంది, ఖాయమే అన్నాడు. అది విని జట్టులో ఇద్దరు ముగ్గురు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. పల్లంరాజు తట్టబోయి ఆగాడు. లోవలక్ష్మి వంక చూశాడు, అన్న వంక చూశాడు. అతనికి అప్పుడే తెలిసినట్టుంది. ఏదో అనబోయాడు.

“తెర,” అని లోపల ఆడగొంతు కేకేసింది.

ఎనిమిది మందీ వీపు తిప్పారు.

తెర మాటున చిన్నమ్మాయిగారు దిగింది. దిగగానే తడుముకుని లోవలక్ష్మి చెయ్యి పట్టుకుంది. ఆడవాళ్లు హారతి పట్టి, ఎర్రనీళ్లు దిష్టి తీసి, ఇద్దరినీ గడప దగ్గరికి నడిపించారు. చిన్నమ్మాయిగారు కుడికాలు పెట్టి లోపలికి వెళ్లింది. ఆ చెయ్యి వదల్లేదు కాబట్టి లోవలక్ష్మి కూడా గడప దాటింది. దాటాక వెనక్కి తిరిగింది. తెర తీసేశారు. ఖాళీ మేనా తలుపు తెరుచుకుని ఉంది. దాని అవతల ఎనిమిది వీపులు వరసగా, చెమటతో మెరుస్తూ, గోడ వైపు తిరిగి ఉన్నాయి. అటు చివర వీపు మీద తడిగుడ్డ చుట్ట జారి మోచేతి దాకా వచ్చింది. ఆయన దాన్ని సర్దుకోలేదు.

“నాయినా,” అంది.

నిన్న గుమాస్తాగారితో మాట్లాడినంత గట్టిగానే అంది. స్థలమంతా వినిపించింది. పల్లంరాజు తల వంచుకున్నాడు. చివరి వీపులో ఏదో కదిలింది, మెడ దగ్గర నరాలు పైకి లేచాయి. ఒక పాదం మడమ మీద కొంచెం తిరిగింది, అక్కడే ఆగింది.

“పద నూకాలూ, పెద్దాయన చూస్తానంటున్నారు,” అంటూ అచ్చాయమ్మ ఆమెని భుజం పట్టి పక్కకి జరిపి, తలుపు మూసి గడియ వేసింది.